గులాబీ రంగు నిలవని నీళ్లు

మెదక్ జిల్లా కేంద్రంగా మారిన మరుసటి ఎండాకాలం, మా వాడలోని ఫ్లోరైడ్ ఫిల్టర్ దగ్గర నన్ను ఆపరేటర్‌గా పెట్టారు. చదివింది ఐదో తరగతే, పని చూసి నేర్చుకున్నాను. ట్యాంకులో సగ్గుబియ్యమంత తెల్లటి అల్యూమినా గుళికలుంటాయి. బోరునీళ్లు వాటి నడుమ నుంచి దిగుతుంటే ఫ్లోరైడ్ వాటికి అంటుకుంటుంది. ఇక అంటుకోని రోజు వస్తే కాస్టిక్ సోడాతో కడిగి, పలుచని యాసిడ్‌తో ఆ ఘాటు విరిచి, మళ్లీ వాడతాం. కడుగుడు నాతో పనిచేసే ఖాజా భాయ్ వంతు, నీళ్ల పరీక్ష నా వంతు. చిన్న సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలవాలి. పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ మిగిలినట్టు.

ఒకసారి కడిగిన మూడో రోజే పసుపుకు తిరిగింది. మరునాడూ అంతే. ఆ నీళ్లే పక్కనున్న అంగన్‌వాడీ పిల్లలు తాగుతారు. ఖాజా భాయ్ కాస్టిక్ వేయకుండానే వేశానంటున్నాడని నాకు అనుమానం. కాస్టిక్ ఖాళీ సంచులు లెక్కపెట్టాను, సరిగ్గానే ఉన్నాయి. అయినా ఏ మోరీలో పోశాడో అనుకున్నాను. అతను చాయ్ తెచ్చిస్తే తాగలేదు.

"ఏందక్కా, రెండు దినాలసంది నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నవ్?"

"ట్యాంకు కడిగినవా లేదా, సక్కగ చెప్పు భాయ్."

"గ్లౌజులు చినిగి తోలు లేసింది, చూడు. ఇంకేం సబూత్ గావాలె నీకు?"

చేతులు చూశాక పైపు వెంట నడిచాను. ట్యాంకు కింద పట్టిన నీళ్లు గులాబీగానే ఉన్నాయి, నల్లా దగ్గరివి పసుపు. ఆ రెంటి నడుమ, బోరునీళ్లు ట్యాంకులోకి పోకుండా నేరుగా నల్లాకు వచ్చే బైపాస్ వాల్వు ఉంది. రిపేరుకు తప్ప తెరవకూడనిది, ఒక చుట్టు తెరిచి ఉంది.

"గా వాల్వు నేనే తిప్పిన," అన్నాడు వెనకే వచ్చిన ఖాజా భాయ్. "కడిగినంక నీళ్లు సబ్బు లెక్క ఉన్నయని, మందు కలిపిండ్రని ఆడోళ్లు లొల్లి వెట్టి బిందెలు ఒంపేసిండ్రు. జర బోరునీళ్లు కలిపితే పాత రుచి అచ్చింది. ఖుషీగ పట్కపోయిండ్రు."

"రుచితోని ఫ్లోరైడ్ గూడ పట్కపోయిండ్రు గద భాయ్."

అతను వాల్వు మూశాడు. నేను అంగన్‌వాడీకి పోయి కుండలు ఒంపించి, మా ఇంజనీరు సార్‌కు అంతా చెప్పాను. ఖాజా భాయ్‌ని ఆయన గట్టిగానే మందలించారు. తర్వాత నా వైపు తిరిగి, మొదటిసారి పసుపు చూసినప్పుడే నల్లా ఎందుకు బంద్ చేయలేదని అడిగారు.

నేను మనిషిని పట్టుకునే పనిలో ఉంటే నీళ్లు రెండు రోజులు పోతూనే ఉన్నాయి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పసుపు కనబడితే ముందు నల్లా మూసేదాన్ని. ఎవరిని ఏమడిగినా దాని తర్వాతే.