మామూలుగా చూడమంటే

మనుషుల మొహాలు చూడడం నాకు నేర్పింది మా ప్రొఫెసరు. సర్కారు ఆసుపత్రిలో రోగిని బల్ల మీద కూర్చోబెట్టి, చుట్టూ మమ్మల్ని నిలబెట్టి, "ఈ మొహంలో తప్పులేంటో చెప్పండి" అనేవారు. రోగి వింటూనే ఉండేవాడు. మేం చెప్పేవాళ్ళం: ముక్కు వంకర, ఒక రెప్ప కిందికి, గడ్డం వెనక్కి. మేం ఏదైనా వదిలేస్తే, ఆయన రోగి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి మరీ చూపించేవారు. కంటికోసం వచ్చిన మనిషి ముక్కు గురించి కూడా బెంగ పెట్టుకుని ఇంటికెళ్ళేవాడు. సాయంత్రాలు కసాయి కొట్టు నుంచి తెచ్చిన మేక కళ్ళ మీద కుట్లు వేసి సాధన చేసేవాళ్ళం. మేకలు నయం, మా మాటలు వినేవి కావు.

చదువు బాగానే ఒంటబట్టింది. పెళ్ళిచూపుల నుంచి వస్తూ, అమ్మాయి ఎలా ఉందని అమ్మ అడిగితే, ఎడమ రెప్ప ఒక మిల్లీమీటరు తక్కువన్నాను.

జూబ్లీహిల్స్‌లో కనురెప్పలు సరిచేసే క్లినిక్ పెట్టాక ఆ గుణమే అన్నం పెట్టింది. ఇక్కడ ఎవరికీ వయసు మీదపడదు. "కాస్త అలిసినట్టు కనిపిస్తున్నారు" అంటారంతే. అలిసినవాళ్ళు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెనక గేటు నుంచి వస్తారు. రెండు షూటింగు షెడ్యూళ్ళ మధ్య కళ్ళకింద సంచులు తీయించుకుని, ఈమధ్య యోగా చేస్తున్నామని ఇంటర్వ్యూల్లో చెబుతారు.

ముందు గేటు నుంచి వచ్చిన సినిమా మనిషి నాకు ఒక్కడే గుర్తు. కమెడియన్. చూస్తే మీరూ గుర్తుపడతారు, పేరు మాత్రం చెప్పలేరు. గోదావరి వైపు మనిషి, కృష్ణానగర్లో కిరాయి గది. అతని ఎడమ రెప్ప పుట్టుకతోనే సగం వాలి ఉండేది. ప్రతి సినిమాలో హీరో వచ్చి చెంప పగలగొట్టి "నిద్ర లేరా" అంటాడు. హాలు నవ్వుతుంది. వేషం మొత్తం అంతే.

"రెప్ప ఎత్తేయాలండీ" అన్నాడు.

"మీ తిండి దాని మీదేగా?"

"అదేనండీ బాధ. ఇన్నాళ్ళకి తండ్రి వేషం వచ్చిందండి. చెంపదెబ్బ లేదు. మంచమ్మీద చచ్చిపోతాను, కూతురు మీద పడి ఏడుస్తుంది. ఈ కన్నుతో పోతే జనం ఏడవరంటున్నాడు డైరెక్టరు. నిజమేనండీ. మా నాన్న పోయినప్పుడు నేను ఏడుస్తుంటే పక్కింటాయన నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయాడు."

ఆ డైరెక్టరు నాకు ఫోన్ కూడా చేశాడు. "డాక్టర్ సాబ్, జర మంచిగ చెయ్యుండ్రి. మనిషి మంచిగనే ఏడిపిస్తడు. ఆ కన్నొక్కటే గడబిడ."

ఈ ఆపరేషన్‌కు ఒక పద్ధతి ఉంది. మనిషికి పూర్తి మత్తు ఇవ్వం, రెప్ప వరకే ఇస్తాం. రెప్పను పైకి లాగే కండరాన్ని బిగించి, చివరి ముడి వేసే ముందు మనిషిని అక్కడే లేపి కూర్చోబెడతాం. ఎదురుగా చూడమంటాం. రెండు రెప్పలూ సమానంగా కనబడితే ముడి వేస్తాం, లేకపోతే మళ్ళీ బిగిస్తాం.

అతన్ని కూర్చోబెట్టి, పెద్ద లైటు మొహం మీదికి తిప్పాను. "మామూలుగా చూడండి" అన్నాను. రెప్ప వాలింది. ఇంకాస్త బిగించి మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ వాలింది.

"నటించకండి."

"లేదండీ, మామూలుగానే చూస్తున్నాను."

ఇంకాస్త బిగించి, రెండూ సమానమయ్యాక ముడి వేశాను.

వాపు తీశాక చూస్తే ఎడమ కన్ను గుడ్లురుముతోంది. నల్లగుడ్డు పైన తెల్లగా కనబడుతోంది. మూయమంటే సగం దాకా వచ్చి ఆగిపోతోంది. టార్చి వేసి చూడబోతే రెప్ప కాస్త కిందికి జారింది, ఆర్పగానే పైకెళ్ళింది. అప్పుడర్థమైంది. మొహం మీద లైటు పడగానే రెప్పను మరికాస్త వదిలేయడం అతను ఏళ్ళ తరబడి చేసిన పని. లైటు కింద అతనికి అదే మామూలు.

"గాయం పచ్చిగా ఉంది. ఇప్పుడే కుట్టు వదులు చేస్తే సరిపోతుంది" అన్నాను.

"ఎల్లుండే నా చావండి. మళ్ళీ వాచిందంటే వేషం పోద్ది. చచ్చాక వస్తాను."

చచ్చి వచ్చాడు. ఫిల్మ్‌నగర్ సెట్‌లో జరిగింది అతనే చెప్పాడు. మంచమ్మీద పడుకోబెట్టి దండ వేశారు. కూతురు వేషం వేసిన అమ్మాయి "నాన్నా" అని మీద పడింది. కుడి కన్ను మూసుకునే ఉంది, ఎడమది పైనున్న ఫ్యాన్‌ను చూస్తోంది. మేకప్ మనిషి వచ్చి వేలితో మూశాడు. షాట్ మధ్యలో మెల్లగా తెరుచుకుంది. ముందు కూతురే నవ్వింది. తర్వాత అందరూ.

"డైరెక్టరేమన్నాడు?"

"'అన్నా, నువ్వు చావకు. గీ కన్నుతోని చస్తే ఎవ్వడు నమ్మడు' అన్నాడండి. తండ్రి వేషం ఇంకొకాయనకి వెళ్ళింది. నన్ను పెళ్ళింట్లో కాపలా బాబాయిని చేశాడు. ఒక కన్ను తెరుచుకుని నిద్రపోతుంటానండి. హీరో వచ్చి కొడతాడు."

బల్ల చూపించి, కుట్టు వదులు చేస్తాను పడుకోమన్నాను. అతను కదల్లేదు.

"వద్దండీ. పాతదానికంటే ఇదే బాగా పేలుతోందంట. అప్పుడే ఇంకో రెండు చోట్ల అడిగారు."

మూయని కన్ను ఎండిపోతుందనీ, పుండు పడుతుందనీ, చూపు పోతుందనీ చెప్పాను. ఆలస్యమైతే సరిచేయడం కష్టమని కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"చుక్కలు రాయండి. రాత్రిపూట ప్లాస్టర్ వేసుకుంటాను. ఎక్కడ అతికిస్తే చర్మం మీద మచ్చ పడదో చూపించండి, క్లోజప్‌లో తెలుస్తుంది."

పడుకోబెట్టి, లైటు ఆర్పి, రెప్పను వేలితో కిందికి దించి ప్లాస్టర్ వేశాను. రెండో కన్ను తనే మూసుకున్నాడు. కాసేపు కదలకుండా ఉన్నాడు. కూతుళ్ళు మీద పడి ఏడవదగ్గ మొహం.

మా రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసి లైటు వేసింది. అతన్ని గుర్తుపట్టి, ప్లాస్టర్ చూసి కిసుక్కున నవ్వింది. అతను కుడి కన్ను తెరిచాడు. అది బాగున్న కన్ను. దాన్నే సగం దాకా వాల్చి ఆమె వైపు చూశాడు.