కుర్చీ చప్పుడు వినేదాకా

మా పెద్దమ్మ ఆ మాట అనకుండానే కబురు చెప్పేసింది. నాకది ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

ఆ మాట "బ్రేస్". పెద్దమ్మది ఆసుపత్రిలో ఫోన్ దగ్గర పని. చావు కబురైనా, ఇంకే చెడ్డ కబురైనా ఇంటివాళ్ళకు చెప్పేది ఆవిడే. ముందు "ప్లీజ్, బ్రేస్ యువర్‌సెల్ఫ్" అంటుంది. దెబ్బ పడబోతోంది, కాస్త నిలదొక్కుకోండి అని. వెంటనే అసలు విషయం చెప్పదు. అవతల కుర్చీ జరిపిన చప్పుడో, మంచం కిర్రుమన్న చప్పుడో వినపడేదాకా ఆగుతుంది. మనిషి కూర్చున్నాడని తేలాకే మిగతాది.

"నిలబడ్డవాళ్ళకి చెప్తే దబ్బున పడతార్రా. తల పగిలితే మళ్ళీ మా ఆసుపత్రికే మోసుకొస్తారు," అనేది, నవ్వకుండా.

ఆ మాట ఇంట్లో నాకూ పెదనాన్నకూ అంటుకుంది. గ్యాస్ అయిపోయినా బ్రేస్, పాలు విరిగినా బ్రేస్. కాలేజీ మానేసిన రోజు నేనూ అదే అన్నాను.

"పెద్దమ్మా, బ్రేస్."

చేతిలో గిన్నె వదిలేసి సింకు అంచు గట్టిగా పట్టుకుంది. చెప్పాను.

"ఓస్, ఇంతేనా! ఎవరు పోయారోనని గుండె జారిపోయింది కదరా వెధవా. నీ చదువేగా, అదెప్పుడో పోయింది."

అలాంటి మనిషి మొన్న ఉతికిన బట్టలు మడతపెడుతూ, దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. "నా గొంతులో గడ్డ ఉందట, చెడ్డదేనట. ఎల్లుండి ఆపరేషన్. లోపలికి పాకి ఉంటే స్వరపేటిక మొత్తం తీసేస్తారట. కొస సరిగ్గా పట్టుకో," అంది.

దుప్పటి నేలమీద పడింది. ఆవిడ గొంతులో బొంగురు ఫోన్లో మాట్లాడి మాట్లాడి వచ్చిందనే అనుకున్నాం ఇన్నాళ్ళూ.

"బ్రేస్ అనలేదేం?" అరిచేశాను.

"అంటే నాకే భయమేస్తుందిరా," అని వంగి దుప్పటి తీసింది.

ఆపరేషన్ అయింది. మెడకు కట్టు, మధ్యలో గొట్టం. నేను టీకి కిందికి వెళ్ళినప్పుడు డాక్టర్ వచ్చి మాట్లాడి వెళ్ళాడట. నేను పైకి వచ్చేసరికి పెదనాన్న వరండాలో గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నా వంక చూడలేదు. గదిలోకి వెళ్ళాను.

"ఏమన్నాడు? తీసేశారా?"

పెద్దమ్మ వేలితో కుర్చీ చూపించింది.

"కూర్చోవడం తర్వాత. ముందు చెప్పు!"

మళ్ళీ అదే కుర్చీ. ఈసారి కళ్ళెర్రజేసి.

ఇనప కుర్చీ లాక్కున్నాను. నేలమీద కీచుమంది. ఆ చప్పుడు వినేదాకా ఆగింది. నేను కూర్చున్నాక నా చేతులు రెండూ తీసి మంచం కడ్డీ మీద పెట్టి, వేళ్ళు మూసింది. అప్పుడు తల ఊపింది, అవునని.