సగం రంగు వేసిన తల

పాతికేళ్ళు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని కూడా చాలాకాలం సరిగ్గా తెలియలేదు. నడుం నొప్పికి అలవాటు పడ్డట్టు దానికీ అలవాటు పడిపోయాను. ఎప్పుడైనా వంగినప్పుడు కలుక్కుమనేది. అంతే. ఇప్పుడు వంగకపోయినా కలుక్కుమంటోంది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను. తెలిసినవాళ్ళు నన్ను మంచి భర్త అనుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మంట? అది కూడా ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

నా చదువు ఎనిమిదో తరగతి. గుంటూరు జిల్లా నుంచి ఢిల్లీ వచ్చి ఒక సర్కారు ఆఫీసులో ప్యూనుగా చేరాను. హిందీ, ఇంగ్లీషు నాకెవరూ చెప్పలేదు. ఆఫీసర్లు చదివి పారేసిన పత్రికలు ఇంటికి తెచ్చుకుని, నిఘంటువు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. టైపు నేర్చుకున్నాను. పరీక్ష రాసి గుమాస్తానయ్యాను. ఆర్.కె. పురంలో క్వార్టరు వచ్చింది. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. కాదు, ఎందుకు దాచడం, గొప్పకే చెబుతున్నాను. కానీ నేను సొంతంగా సంపాదించుకున్న ఆ చదువుకి ఈ పాపంలో వాటా ఉంది. అందుకే ముందు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఫరీదాబాద్‌లో చిన్న ఫ్లాటు. నేనూ మా ఆవిడా. రెండు వీధుల అవతల మా అమ్మాయి. అమ్మాయంటే నలభై దాటిన అమ్మాయి. గుర్‌గావ్‌లో పెద్ద ఉద్యోగం. దాని బల్ల మీద సీసాలు చూస్తే మందుల షాపు గుర్తొస్తుంది. పగలు రాసుకునేది వేరట, రాత్రి రాసుకునేది వేరట, కంటి కిందకి మళ్ళీ వేరేదట. వయసు ఆగుతుందట! టీవీ పెడితే అదే గోల. నలభై ఏళ్ళ మనిషి నలభై ఏళ్ళవాడిలా కనపడితే నేరమైపోయింది ఈ దేశంలో. నేను అరుస్తాను. గట్టిగా అరుస్తాను. అరిచాక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, చెవుల పక్కన తెల్లవెంట్రుకలు బయటపడ్డాయేమోనని అద్దంలో చూసుకుంటాను.

అవును. నేను జుట్టుకి రంగు వేసుకుంటాను. ఈ వయసులో కూడా. నలభై మూడో ఏట మొదలుపెట్టాను, మానలేదు. వేసేది మా ఆవిడే. రెండు మూడు వారాలకొకసారి, ఆదివారం పూట, బాల్కనీలో స్టూలు వేసి కూర్చోబెడుతుంది. భుజాల మీద పాత తువ్వాలు కప్పి, ప్లాస్టిక్ డబ్బా మూతలో పొడి కలిపి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో పాయ తర్వాత పాయ తీసి వేస్తుంది. నుదుటికి అంటుకుంటే చీరకొంగు తడిపి తుడుస్తుంది. తన తలకి మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు. "నాకెందుకండీ" అంటుంది. నాకెందుకు అనే ఆ మాట ఆమెకి ఎవరు నేర్పారో చెప్పడానికే ఇదంతా.

అప్పుడు నాకు నలభై ఏడు. ఆమెకి నలభై రెండు. ఆర్.కె. పురంలో మాది మూడో అంతస్తు. మా బ్లాకుల మధ్య పార్కులో పొద్దున్నే ఆడవాళ్ళ చేత కసరత్తులు చేయించేది కింది అంతస్తులో ఉండే ఒక పంజాబీ ఆవిడ. బలజీత్ అని రాస్తాను, అసలు పేరు వేరు. ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరు. అమ్మాయి కాలేజీలో చేరాక ఇంట్లో తోచడం లేదని మా ఆవిడ కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. ముందు చీరా చెప్పులతోనే వెళ్ళింది. తర్వాత సరోజినీ నగర్ మార్కెట్‌లో తెల్ల బూట్లు కొనుక్కుంది. ఆ తర్వాత సల్వారు సూటు. నెలలు గడిచాయి. మనిషి మారిపోయింది.

సన్నబడిందని మాత్రమే కాదు. ఆ మార్పుని ఎలా చెప్పాలి? కూరల సంచీ పట్టుకుని మూడు అంతస్తులూ గబగబా ఎక్కేసేది. వెనక నేను రెండో అంతస్తు దగ్గర ఆగి, ఊపిరాడక, ఎవరింటి ముందో చెత్తడబ్బా అడ్డుగా ఉందని కేకలేసేవాడిని. కేకలేస్తున్నంతసేపూ ఊపిరి సర్దుకునేది. ఆమె పైనుంచి నవ్వేది. వంట చేస్తూ ఏదో పంజాబీ పాట గొణుక్కునేది. ఆమె హిందీ తడబాటు కూడా తగ్గింది. పాలవాడితో బేరం తనే ఆడేది. పొద్దున పార్కు నుంచి వచ్చినప్పుడు చెమటతో ఆమె మొహం... సరే, అది చివర చెబుతాను. ఇప్పుడు చెప్పలేను.

నాకేమో బెల్టుకి కొత్త చిల్లు పడింది. పొట్ట. నుదుటి మీద రంగు మరక. మెట్లు.

ఉగాదికి మన తెలుగువాళ్ళం హాల్లో కలిసినప్పుడు మా ఆఫీసు కుర్రాడొకడు అందరి ముందూ అన్నాడు. "అన్నయ్యా, వదినని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు? పక్కన నిలబడితే మామగారూ కోడలూలా ఉన్నారు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వింది. చేయి నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు చూసి. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఇప్పుడు తెలుసు, లేదు. అప్పుడు నాకు ఉన్నట్టే కనపడింది. కనపడిందా, కనపడాలనుకున్నానా?

ఆ తర్వాత కాలనీ వార్షికోత్సవం వచ్చింది. ఆడవాళ్ళంతా చప్పట్లు చరుస్తూ చేసే పంజాబీ నృత్యం ఒకటి అనుకున్నారు. మా ఆవిడకి ముందు వరస. దానికోసం పసుపురంగు సూటు కుట్టించుకుంది. వేసుకుని వచ్చి నా కుర్చీ ముందు నిలబడింది. ఎలా ఉందండీ అంది. నేను పేపరు దించలేదు. "ఈ వయసులో పసుపా?" అన్నాను. "బలజీత్ దీదీ బాగుందంది" అని వెళ్ళిపోయింది. తనలో తను పాడుకుంటూనే వెళ్ళింది. నా మాట తగల్లేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మాట ఆమెకి తగలకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం ఆమె గుడికి వెళ్ళిన సమయం చూసి కింది అంతస్తుకి వెళ్ళాను. మేం హిందీలో మాట్లాడుకున్నాం. ప్రతి మాటా గుర్తుంది నాకు.

"అరే భాయీసాబ్! ఆయియే, ఆయియే. మీ మిసెస్ కమాల్ చేస్తోందండీ!"

"దీదీ, ఒక మాట చెప్పాలి. ఎవరికీ తెలియకూడదు."

"చెప్పండి."

"ఆమె గుండె కవాటం ఒకటి బలహీనంగా ఉంది. గంతులేస్తే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు."

"హాయ్ రబ్బా! నాతో ఒక్క ముక్క కూడా అనలేదే!"

"అనదు. మీరు మాన్పిస్తారని భయం. నేను చెబితే వినడం లేదు. మీరే ఏదో సాకు చెప్పి తప్పించండి. నేనొచ్చానని మాత్రం తెలియనివ్వకండి. జబ్బు సంగతి మీకు తెలిసిందంటే బెంగ పెట్టుకుంటుంది. అది ఇంకా ప్రమాదం."

బలజీత్ కళ్ళు తుడుచుకుంది. "మీలాంటి భర్త అందరికీ దొరకడు, భాయీసాబ్" అంది. టీ పెట్టింది. తాగాను. యాలకులు వేసిన టీ.

గుండెకి కవాటాలుంటాయని, అవి వదులవుతాయని నేను ఏదో పత్రికలో ఆరోగ్యం పేజీలో బొమ్మతో సహా చదివాను. పదిమందికి లేని జ్ఞానం నాకుందని మురిసిపోయేవాడిని. కష్టపడి కూడబెట్టుకున్న ఆ జ్ఞానాన్ని ఇలా వాడాను.

రెండు రోజుల తర్వాత ఆమె పార్కు నుంచి తొందరగా వచ్చేసింది. మెట్లు నెమ్మదిగా ఎక్కిన చప్పుడు వినిపించింది. గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతూ, నా వైపు చూడకుండా అంది. "ఈసారికి కూర్చో, మళ్ళీ చూద్దాం అందండీ దీదీ. మద్రాసీ దాన్నని తీసేశారు. నల్లగా ఉన్నాను కదా, ముందు వరసలో బాగోననుకున్నారేమో."

అప్పుడైనా చెప్పొచ్చు. కాదు, నీ రంగు కాదు, నీ భాష కాదు, నేను అని. నేనేం చేశానో తెలుసా? లేచి నిలబడి కేకలు వేశాను. ఈ ఢిల్లీవాళ్ళంతే, దక్షిణాది వాళ్ళంటే చులకన, నేను ముందే చెప్పానా లేదా అని బ్లాకంతా వినపడేలా అరిచాను. నాకు అన్యాయమంటే పడదని, మనవాళ్ళని ఎవరైనా మాటంటే ఊరుకోనని అప్పట్నుంచీ పేరు. పాతికేళ్ళుగా ఆ పేరు మీదే బతుకుతున్నాను. నా కోపం ఒట్టి కర్టెను. వెనక నేను నక్కి ఉన్నాను.

ఆ బ్లాకు ఆడవాళ్ళు పాపం ఆమెని వదల్లేదు. కనపడితే తబియత్ కైసీ హై, ఒంట్లో ఎలా ఉంది అని అడిగేవాళ్ళు. చేతిలో సంచీ లాక్కుని మెట్లెక్కించేవాళ్ళు. బలజీత్ పెసరపప్పు కిచిడీ వండి పంపేది. బలజీత్ ద్వారా తెలిసి, గుండె జబ్బు మనిషని జాలి వాళ్ళకి. ఇవన్నీ తనని తీసేసి, పైపెచ్చు చేసే వేళాకోళమనుకుంది మా ఆవిడ. మెల్లగా తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. హిందీ మాట్లాడటం తగ్గించింది. బూట్లు మంచం కిందకి పోయాయి. ఇంత పెద్ద ఊళ్ళో ఆమెకి వంటిల్లు, గుడి, తెలుగువాళ్ళ ఇళ్ళు మిగిలాయి. పసుపు సూటుని కత్తిరించి దిండు గలీబు కుట్టింది. చాలా ఏళ్ళు దాని మీదే తల పెట్టుకుని నిద్రపోయాను. నా జుట్టు రంగు దానికి అంటుకుంటే ఉతికి మళ్ళీ వేసేది.

నిద్ర పట్టిందా అంటే పట్టింది. నిజం చెప్పాలి కదా. మొదట్లో హాయిగానే ఉంది. మెట్ల మీద ఇద్దరం ఒకేలా ఆయాసపడుతున్నాం. పక్కపక్కన నిలబడితే ఎవరూ ఏమీ అనడం లేదు. నాకేం భయమేసింది అప్పుడు? నన్ను వదిలేసి పోతుందనా? ఆ ఆలోచన కూడా రాలేదు. అంతకంటే నీచమైన కారణమే. ఆమె పక్కన నా వయసు కనపడుతోంది. రంగు వేసినా దాగని వయసు. నేను బాగుపడటం కష్టం, ఆమెని దించడం తేలిక. పార్కు నాకూ ఉంది కదా. నేనూ పొద్దున్నే లేచి నడవొచ్చు కదా. ఎవరు వద్దన్నారు నన్ను?

ఈ మధ్య ఆమెకి మోకాళ్ళు పట్టేశాయి. గోడ పట్టుకుని నడుస్తోంది. రోజూ నడిచి, చెప్పిన కసరత్తులు చేస్తే తప్ప కొన్నాళ్ళకి మంచానికే పరిమితమని డాక్టరు తేల్చి చెప్పాడు. మా సెక్టారు పార్కులో పెద్దవయసు ఆడవాళ్ళు కుర్చీలేసుకుని కసరత్తులు చేస్తారు. అమ్మాయి వచ్చి బతిమాలింది. "చలో నా మమ్మీ, అక్కడ అందరూ నీలాంటి ఆంటీలే."

"వద్దులే అమ్మా. ఒకసారి పిలిచి, లేపి పంపించారు. మళ్ళీ ఆ ముచ్చట ఎందుకు?"

"అరే యార్, అది ఎప్పటి సంగతి! ఆ రేసిస్ట్ ఆంటీలని ఇంకా పట్టుకుని కూర్చున్నావా? పప్పా, మీరైనా చెప్పండి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను టీవీ శబ్దం పెంచాను.

పోయిన ఆదివారం బాల్కనీలో స్టూలు వేసింది. నిలబడలేక తను కుర్చీలో కూర్చుని, "కాస్త తల వంచండి" అంది. ఎడమ పక్క అయిపోయింది. తల వంచి ఉన్నప్పుడు మొహం చూడక్కర్లేదు. అందుకే అప్పుడు చెప్పాను. "నీకు గుండె జబ్బని బలజీత్‌కి చెప్పింది నేనే. అందుకే నిన్ను తీసేసింది."

బ్రష్షు ఆగిపోయింది. మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది.

"నా గుండెకేమైంది?"

"ఏమీ లేదు."



"మరెందుకు చెప్పారు?"

ఇంత చదువుకున్నాను, ఇంత అరుస్తాను, ఒక్క మాట రాలేదు. ఆమె బ్రష్షు మూతలో పెట్టింది. గోడ పట్టుకుని లేచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే అన్నం వడ్డించింది. పప్పు వేస్తూ, "పాపం, ఆవిడ" అంది. బలజీత్‌ని. ఇన్నేళ్ళూ తిట్టుకున్నందుకు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. ఇంకా అనలేదు. పార్కుకీ వెళ్ళలేదు.

నా తల ఎడమవైపు నల్లగా, కుడివైపు తెల్లగా ఉంది. పాలకి వెళితే గేటు దగ్గర చౌకీదారు, "అంకుల్‌జీ, ఆధా రహ్ గయా" అని నవ్వాడు. సగం ఉండిపోయింది. అవునన్నాను. మిగతా సగం నేనే వేసుకోవచ్చు. పొడి ఇంట్లోనే ఉంది. వేసుకోను.

మరెందుకు అని అడిగింది కదా. ఆ జవాబు ఆమెకి ఇవ్వలేక మీ దగ్గరకొచ్చాను. పొద్దున పార్కు నుంచి వచ్చి, చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడితే, ఆ మొహం ఎంత బాగుండేదంటే నేను తల తిప్పుకునేవాడిని. పసుపు సూటు ఆమెకి చాలా బాగుంది. పేపరు అంచు మీదుగా చూశాను. చూసి, చూడనట్టు కూర్చున్నాను.

బాగుంది. ఆ ఒక్క మాట ఇవాళ మొదటిసారి బయటికి అన్నాను. ఆమె పక్క గదిలోనే ఉంది. తలుపు తీసే ఉంది.