సింగడి నోట్లో ఉన్నదేమిటి?

కేతేపల్లి కురుమ బక్కమ్మ పేరుకే బక్కమ్మ. ఆమె గొర్రెల దొడ్డికి అడ్డం నిలబడితే వేరే తడక అక్కర్లేదు. రజాకార్లు మేకపోతును లాక్కుపోతుంటే వెనక కాళ్ళు పట్టుకుని గుంజి, చివరికి దాన్ని దక్కించుకున్న మనిషి. "గా పోతు అప్పటిసంది జర పొడుగైంది" అని భర్త పోచయ్య నవ్వేవాడు.

అంతటి బక్కమ్మకు పోలీసు చర్య తర్వాత మిలిటరీ బూట్ల చప్పుడు వింటే నోరెండిపోయేది. రజాకార్లు పోయి క్యాంపు జవాన్లు వచ్చారు. వాళ్ళు కమ్యూనిస్టుల సంఘం దళాల కోసం గాలిస్తున్నారు, ఆమె తమ్ముడు గుర్వయ్య దళంలో ఉన్నాడు. ఒక సాయంత్రం అతను మంద దగ్గరికొచ్చి, అక్క పోసిన జొన్న గటుక తిని, మిగిలింది కుక్క సింగడికి పెట్టి గుట్టల్లోకి వెళ్ళిపోయాడు.

ఆ వారమే క్యాంపు నుంచి కబురొచ్చింది. ఊరి కుక్కలన్నిటినీ తీసుకురావాలి, పసుల డాక్టర్ వాటి నోళ్ళు చూస్తాడట.

"కుక్క నోట్ల ఏం జూస్తరు?" అంది బక్కమ్మ.

"ఏం తిన్నదో చూస్తరేమో," అన్నాడు పోచయ్య మాటవరసకు.

బక్కమ్మకు తమ్ముడు గుర్తొచ్చాడు. ఏం తిన్నదో తెలిస్తే ఎవరి ఎంగిలి తిన్నదో తెలియదా? సింగడిని కాళ్ళ మధ్య బిగించి, ఉప్పూ బూడిదా వేసి పళ్ళు తోమింది. వేపపుల్ల కూడా పెట్టి చూసింది. సింగడు దాన్ని కొరికి మింగేశాడు.

పసుల డాక్టర్ భిక్షపతిది మక్తల్. క్యాంపులో అతను పుల్లకు దూది చుట్టి, సింగడి బుగ్గ లోపలి తడి పొర మీద మెల్లగా రుద్ది, గాజు గొట్టంలో వేసుకున్నాడు.

"నీ కుక్క పళ్ళు గింత తెల్లగున్నయేందమ్మా?"

"మా ఇంట్ల శుభ్రం జాస్తి సాబ్," అంది బక్కమ్మ, ఎటో చూస్తూ.

కొన్నాళ్ళకు డాక్టర్ దొడ్డి దగ్గరికే వచ్చాడు. వెనక తుపాకీతో ఒక జవాను.

"నీ సింగని నోట్లె దొరికినయ్ బక్కమ్మా. ఎంత తోమినా పోలె. కంటికి కనవడకుంట దాక్కొని, నీ గటుకే తింటున్నయ్."

బక్కమ్మ ఏడుపందుకుంది. "ఒక్క పూటనే పోసిన సాబ్! నా తమ్ముడు ఆకలంటె పోసిన. మిగిలింది కుక్క తిన్నది. వాడెటు పోయిండో నాకెరుక లేదు!"

తెలుగు రాని జవాను, ఏమంటోందని ముందుకొచ్చాడు. కుక్కకు రోగమనుకుని ఏడుస్తోందని డాక్టర్ ఉర్దూలో చెప్పాడు. జవాను పాపమనుకున్నాడేమో, సింగడి తల నిమిరి, అవతలికి వెళ్ళి బీడీ ముట్టించాడు.

డాక్టర్ గొంతు తగ్గించాడు. "నేన్ చెప్పింది మీ తమ్ముని ముచ్చట గాదమ్మా! కల్లును పొంగిస్తయే, గా సన్న జీవాల చుట్టాలు కుక్క నోట్లె గూడ ఉంటయ్. కెప్టెన్ సాబ్ కుక్కకు నోట్లె పుండైంది. పుండుల ఇవి కనవడ్డయ్. రోగం వీటితోనే వచ్చిందా అని మంచిగున్న కుక్కలను చూసిన. వాటిల గూడ ఉన్నయ్. కుక్క మంచిగున్నన్ని దినాలు వీటితోని ఫికర్ లేదు."

భయం దిగగానే బక్కమ్మకు రోషం ఎక్కింది. "కల్లా? మా సింగడు కల్లు ముట్టడు సాబ్! మా ఆయననంటే కాదనను."

డాక్టర్ నవ్వాపుకోలేకపోయాడు. "సరే, మల్ల బూడిదతోని తోమకు. చిగుళ్ళు గీసుకపోయినయ్."

ఆ తర్వాత కెప్టెన్ కుక్క పళ్ళ మధ్య ఎముక ముక్క ఒకటి దొరికింది. అది తీశాక పుండు మానింది. డాక్టర్ మాత్రం బక్కమ్మ సంగతి ఎక్కడా ఎత్తలేదు.

పోరాటం ఆగిపోయాక గుర్వయ్య ఇల్లు చేరాడు. అక్క జరిగింది చెప్పింది.

"రజాకార్లకు మేకనియ్యలే గని, పసుల డాక్టర్‌కు నన్నిచ్చినవా అక్కా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

బక్కమ్మ వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది. అప్పటికి డాక్టర్‌కు రామన్నపేట బదిలీ అయింది. తను వడికిన ఉన్నితో మంచి గొంగడి నేయించి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. నడి ఎండాకాలం. అయినా కప్పుకుని చూపిస్తే తప్ప కదలనంది. డాక్టర్ చెమటలు కక్కుతూ కప్పుకున్నాడు.

"మంచిగ కుదిరింది," అంది బక్కమ్మ, చుట్టూ తిరిగి చూసి.