పనికి ఇచ్చిన తాళం

మా వదిన ఇక లేరు. ఏళ్ల తరబడి కంప్యూటర్ విభాగం చూసుకున్న రాజమండ్రి ఆసుపత్రిలోనే, మొన్న ఆదివారం కన్నుమూశారు. కబురొచ్చేసరికి నేను చర్చిలో ప్రసంగం మధ్యలో ఉన్నాను. బైబిలు మూసి, చెప్పులేసుకుని బయల్దేరాను.

రోగుల రిపోర్టులు ఎవరు చూడవచ్చో కంప్యూటర్‌కు నేర్పడం ఆమె పని. పేరూ పాస్‌వర్డూ సరిపోతే చాలదు. ఆ మనిషి డ్యూటీలో ఉన్నారా, రోగి ఆ వార్డులోనే ఉన్నాడా, తెరుస్తున్నది ఆసుపత్రి కంప్యూటరా, ఇంటి దగ్గర ఫోనా, ఇవన్నీ అది ఎప్పటికప్పుడు చూసుకుంటుంది. నర్సు డ్యూటీ దిగితే అప్పటిదాకా తెరిచి ఉన్న పేజీ కూడా మూసుకుపోతుంది. ప్రాణం మీదికొస్తే డాక్టరు కారణం రాసి తెరవచ్చు. ఆ కారణాన్ని తర్వాత అడుగుతారు.

"నమ్మి తాళం ఇచ్చాక మళ్లీ మళ్లీ అడగడమేంటి వదినా?" అన్నానొకసారి భోజనాల దగ్గర.

"తాళం మనిషికి కాదు మరిదిగారూ, పనికి ఇచ్చాం. పిలవకుండా రాజు ముందుకెళితే, రాణి అయినా ఆయన రాజదండం చాస్తేనే బతుకని బైబిల్లోంచి మీరే కదండీ గొంతు చించుకుని చెప్పారు? నిన్న చాచిన దండం ఇవాళ చెల్లుతుందా? పులుసు వేసుకోండి."

ఆ మాట ఆమెదేనని చెప్పి, ఆ వాక్యం మీద రెండు ఆదివారాలు బోధించాను.

కిందటేడు ఆమె కడుపులో గడ్డ ఉందన్నారు. పరీక్షలన్నీ అక్కడే. ఆసుపత్రి నిండా తెలిసినవాళ్లే. కూతురు కాకినాడలో చదువుతోంది, ఒక్క నోరు జారితే ఫోనులో పిల్లకు చేరిపోతుంది. ఆమె దగ్గర కంప్యూటర్ పని నేర్చుకున్న నర్సు ఒకామె, మనసు ఆగక, వేరే వార్డు నుంచి రిపోర్టు తెరవబోయింది. తెరుచుకోలేదు. నేను అక్కడుండగానే కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, నన్ను కూడా ఆపేసిందేంటండి మీ కంప్యూటరు?"

"ఆపకపోతే నా ఉద్యోగం పోయేదే" అన్నారు వదిన.

నర్సు వెళ్లాక వదిన నా వైపు తిరిగారు. "శనివారం పిల్ల వస్తుందండి. దానికి నా నోటితోనే చెప్పాలి. కంప్యూటర్ సంగతి నేను చూసుకున్నాను. ఈలోగా వచ్చే ఆదివారం ప్రార్థన మనవుల్లో మీరు నా పేరు చదివారంటే మాత్రం అదేం చేయగలదు?"

సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా మైకులో పేరు పెట్టి ప్రార్థించడం మా అలవాటు. ఆ ఆదివారం ఆడవాళ్లు చీటీ కూడా పంపారు: మీ వదినగారికి ఎలా ఉందండి అని. చీటీ జేబులో పెట్టుకున్నాను. ఆమె పేరు దేవుడికి నోరు తెరవకుండా చెప్పుకున్నాను.

తర్వాతి శనివారం సాయంత్రం గోదావరి గట్టున వెళుతుంటే తల్లీకూతుళ్లు మెట్ల మీద కనిపించారు. వదిన మాట్లాడుతున్నారు. పిల్ల తల్లి చేతిని రెండు చేతులా పట్టుకుని వింటోంది. సైకిల్ దిగి, ప్రార్థన చేద్దామని రెండడుగులు వేసి ఆగిపోయాను. అంత దూరానికి మాటలు వినబడవు. లాంచీ ఒకటి వెళ్లింది. దాని అలలు మెట్లెక్కి ఇద్దరి పాదాలనూ తడిపాయి. ఇద్దరూ కాళ్లు తీయలేదు.