డబుల్ బేస్ వాయించిన చెయ్యి

మా నాన్న ఫోటోను సగానికి కత్తిరించమన్నారు సంఘంవాళ్ళు.

మలేసియాలోని క్లాంగ్‌లో మా తెలుగు సంఘం హాలు గోడకు పెద్దల ఫోటోలు పెడుతున్నారు. మా తాతది ఎప్పటినుంచో అక్కడ ఉంది. ఆయన బంటింగ్ దగ్గర రబ్బరు ఎస్టేటులో పెద్ద కిరాణి. ఆఫీసు గుమాస్తాలందరికీ పైవాడు. ఆయన ఎదురొస్తే కూలీలు సైకిలు దిగి నిలబడేవారు. ఎస్టేటు పోయింది, ఇల్లు పోయింది, నేను అద్దె ఫ్లాటులో ఉన్నాను. మా వంశానికి గౌరవమంటూ మిగిలింది ఆ గోడ మీదే. తాత పక్కన నాన్న కూడా ఉండాలని ఫోటో పట్టుకెళ్ళాను. అందులో నాన్న తెల్లకోటు వేసుకుని, మనిషికంటే ఎత్తైన డబుల్ బేస్‌ను ఒంటికి ఆనించుకుని, కౌలాలంపూర్ డాన్సు హాల్లో స్వింగ్ బ్యాండు వెనక వరసలో నిలబడి ఉన్నాడు.

సంఘం కార్యదర్శి, మా తాత కింద పనిచేసిన కూలీ మనవడు, ఫోటోను అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఏటి మావా, ఇంత పెద్ద వయలిను! కాబరేలో వాయించినాడని అందరికీ తెలిసిపోతాది. మొకం, కోటు మట్టుకు కోసి పెట్టీద్దాం. కోటు బాగుంది."

వాడికేం తెలుసు? ఆ రోజుల్లో దానికి కరెంటు లేదు, మైకు లేదు. ట్రంపెట్ల హోరు దాటి నాట్యం చేసేవాళ్ళ కాళ్ళకు తాళం అందాలంటే గొర్రె పేగుతో పేనిన తీగను వేళ్ళతో బలంగా లాగాలి. శని, ఆదివారాలు గడిచేసరికి నాన్న కుడిచేతి వేళ్ళు బొబ్బలు చితికి పచ్చిగా ఉండేవి. ఆ వేళ్ళతోనే అన్నం కలుపుకోవాలి. ఒకసారి అమ్మ చెంచా పెడితే తాత దాన్ని పెరట్లోకి విసిరాడు.

"సెంసాతో తింతావేటి? దొరవా? నువ్వు సేసిన సిగ్గుమాలిన పనికి మండనీ!"

నాన్న మిరియాల చారు కలుపుకుని కడదాకా తిన్నాడు. మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళాడు. కరెంటు గిటార్లొచ్చి ఆ బ్యాండ్లు మూతపడేదాకా వెళుతూనే ఉన్నాడు.

"కొయ్యడానికి వీల్లేదు," అన్నాను.

"అలాగైతే పెట్టలేం మావా. మీ తాతగారి పక్కన బాగోదు. ఆయన పరువేటి, ఇదేటి!"

"అయితే ఆయన్నీ దించు."

"ఏటి?"

"దించమన్నాను."

వాడు కదల్లేదు. నేనే కుర్చీ ఎక్కాను. నాకు డెబ్భై దాటాయి. వాడు పట్టుకోబోతే చెయ్యి తీయమన్నాను.

ఆ గోడ మీద మా ఇంటివాళ్ళెవరూ ఇప్పుడు లేరు. తాత నా ఫ్లాటులో నాన్న పక్కన ఉన్నాడు. ఆయనకిష్టమో కాదో నేనడగలేదు.