చౌడుకు బదులు ఎర్రమట్టి

గద్వాలలో ఒక పాత మిద్దెను బాగుచేస్తూ రోడ్డు మీద చౌడు కుప్ప పోశారు. స్లాబుల కింద పుట్టినవాళ్లు అదేదో సున్నం అనుకుంటున్నారు. మట్టి మిద్దెల కింద పెరిగిన మీకు చెప్పాలా, వానలకు ముందు పైన నీళ్లు దిగనివ్వని ఈ తెల్లమట్టి పరిచి తొక్కకపోతే ఇల్లంతా కారేది.

చిన్నప్పుడు ఒక ఏడు మా మిద్దెకు చౌడు మోసే పని నా మీద పడింది. చౌడు నేల వాగు అవతల. నేను పెరట్లో ఎర్రమట్టి తవ్వి మిద్దె మీద పోసి, పైన రెండు గంపల చౌడు చల్లాను. మిద్దెలు కప్పే బాలప్ప తాత వచ్చి, నన్ను నమ్మి తొక్కాడు.

మొదటి వానకే విత్తనానికి దాచిన పల్లికాయ తడిసింది.

"ఏంది బాలప్పా, గిట్ల చేస్తివి? ఇగ నిన్ను ఊర్ల ఎవరు పిలుస్తరు?" అంది మా అవ్వ.

తాత పైకెక్కి మట్టి తవ్వి చూశాడు. దిగొచ్చి, ఎర్రమట్టి అంటిన వేళ్లు నాకు మాత్రమే చూపించి, "నేనే సరిగ తొక్కలే అక్కా" అన్నాడు.

తెల్లారి నన్ను వాగు దాటించాడు.

"అవ్వకెందుకు చెప్పలే తాతా?"

"చెప్తే నిన్ను రెండు సరుస్తది. మిద్దె కారుడు ఆగుతదా? గంప ఎత్తు."

పొద్దుగూకేదాకా మోశాను. తాత ఎర్రమట్టి తీసేసి, చౌడు పరిచి మళ్లీ తొక్కాడు. ఆ ఏడు మళ్లీ చుక్క కారలేదు. మరుసటి ఏడు కూడా అవ్వ బాలప్ప తాతనే పిలిచింది. తాత మాత్రం చౌడు తానే మోసుకొచ్చాడు.